మంద ముందు నడిచిన పిల్ల

ఎలిశబెతమ్మ ఇంట్లో వంటగది గోడకు ఒక క్యాలెండరు ఉంది. అది ఏ సంవత్సరానిదో ఎవరూ అడగరు. కింద తేదీల కాగితాలన్నీ ఎప్పుడో పొయ్యిలోకి పోయాయి, పైన బొమ్మ మాత్రం మిగిలింది. బొమ్మలో ప్రభువు చేతికర్ర పట్టుకుని, భుజాల మీద ఒక గొర్రెపిల్లను వేసుకుని ముందు నడుస్తుంటాడు. వెనకాల తెల్లటి గొర్రెలు బడిపిల్లల్లాగా వరసగా వస్తుంటాయి. తుఫానుకు ఇంటి రేకులు లేచిపోయిన నాడు కూడా ఎలిశబెతమ్మ బియ్యం డబ్బా కంటే ముందు ఆ బొమ్మనే చుట్టి చంకలో పెట్టుకుంది. కాబట్టి ఆ శనివారం జరిగిన దానిలో తప్పు ఎవరిదంటే, సగం ఆ బొమ్మదే అనాలి. మిగతా సగం ఎలిశబెతమ్మది.

వాళ్ళ పల్లె ఏటిదిబ్బ. ముత్తుకూరు దాటి, ఉప్పుటేరుకు ఇవతల ఉంటుంది. గుమ్మంలో నిలబడి తల ఎత్తితే కరెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు, తల దించితే వరి చేలు. ఊళ్ళో చిన్న చర్చి ఉంది. దాని గంట ఎలిశబెతమ్మ భర్త బతికున్నన్నాళ్ళూ ఆయనే కొట్టేవాడు. ఆయన పోయాక ఎవరు కొట్టినా ఆమె చెవికి అది పక్కూరి గంటలాగే వినబడేది. ఉన్న పాస్టరుగారు వయసు మీదపడి నాయుడుపేటలో కూతురి దగ్గరికి వెళ్ళిపోయారు. అప్పటి నుంచి ముత్తుకూరు పాస్టరుగారు నెలకోసారి వచ్చి, గబగబా ఆరాధన ముగించి, ఎండెక్కకముందే బండెక్కేవారు. ఇంత చిన్న సంఘానికి కొత్తగా ఎవరూ రామన్నారు. చివరికి చర్చి పైవాళ్ళు ఒక మాట తేల్చేశారు. ఈ ఏడు సొంత పాస్టరును పెట్టుకోండి, లేదంటే చర్చికి తాళం వేసి ముత్తుకూరు సంఘంలో కలవండి.

వస్తానన్నది ఒక్కతే. అది ఎలిశబెతమ్మ మనవరాలు అబిగయీలు. తల్లి చిన్నప్పుడే పోతే అవ్వ చేతుల మీద పెరిగింది. సెమినరీలో చదువు పూర్తి చేసుకుని, వేరే ఊళ్ళో మంచి చర్చిలో చోటు చూపిస్తామన్నా కాదని, మా ఊరి గంటే కొట్టిస్తానని వచ్చేసింది. ఆడపిల్ల పాస్టరుగా రాకూడదని పైవాళ్ళు అనలేదు. సంఘ పెద్దలు ఒప్పుకుంటే చాలన్నారు. పెద్దలంటే పేరుకు కొందరున్నా, అసలు పెద్ద జకరయ్య. ఆయన తల ఊపితే మిగతావాళ్ళు ఊపుతారు, ఆయన దగ్గితే వాళ్ళూ దగ్గుతారు. బుద్ధెరిగినప్పటి నుంచి గొర్రెలు మేపుకుంటున్న మనిషి. మోకాళ్ళు పట్టేసినా మందను ఇంకొకరి చేతికి ఇచ్చింది లేదు.

ఈస్టరు అయిపోయిన మరుసటి ఆదివారం అబిగయీలు మొదటిసారి ప్రసంగం చెప్పింది. ఎలిశబెతమ్మ ముందు వరసలో చాప మీద కూర్చుని, మనవరాలి మాటలు వినకుండా జకరయ్య ముఖమే చూసింది. ఆయన కళ్ళు మూసుకుని ఉన్నాడు. ఆరాధన అయ్యాక చర్చి ముందు పందిట్లో టీలు తాగుతుండగా ఆయన గొంతు సవరించుకున్నాడు.

"అమ్మాయ్, బాగా చెప్పినావు. గొంతు గంట మాదిరి ఉండాది. కానీ సంఘకాపరి అంటే ఏందిమే? కాపలా కాసేవోడు. నక్కొచ్చినా, ఊరకుక్కలొచ్చినా కర్ర ఎత్తాల. నువ్వు కర్ర ఎత్తితే నక్క నవ్వుకుంటది."

పందిట్లో అందరూ నవ్వారు. ఎలిశబెతమ్మకు టీ చేదెక్కింది.

"తాతా, నేను చెప్పింది మీరు సగమే విన్నారు. మధ్యలో కునుకు తీసినారు" అంది అబిగయీలు.

"ఎవురు, నేనా? కళ్ళు మూసుకోని విన్నా."

"అయితే పాస్టరు అనే మాట యాడ పుట్టిందో చెప్పండి."

"ఇంగిలీషోళ్ళ దగ్గర."

"కాదు తాతా. ఇంగ్లీషోళ్ళు తెచ్చుకున్నారు, అంతే. అది రోమా వాళ్ళ లాటిను మాట. మన ప్రభువుని సిలువ వేసిన కాలంలో ఆ రోమా దేశంలో మాట్లాడిన భాష. ఆ భాషలో 'పాస్కేరే' అంటే మేపడం, తిండి పెట్టడం. మేపేవాణ్ణి 'పాస్తోర్' అన్నారు. చర్చీలు పుట్టకముందు నుంచీ ఉండాది ఆ మాట."

"చర్చీలు లేనప్పుడు పాస్టర్లెట్టా ఉంటారమ్మే?"

"కొండల్లో గొర్రెలు తోలుకునే వాళ్ళనే అట్టా పిలిచేవాళ్ళు. వాళ్ళలో చానామంది బానిసలు. ఒంటిన సరైన గుడ్డ కూడా ఉండదు. తెల్ల అంగీలు, కుర్చీలు, మైకులు అన్నీ తర్వాతొచ్చినాయి. ముందున్నది గొర్రెలు, గడ్డి, ఆ మనిషి. మనం కాపరి అంటే కాపలా అనుకుంటాం. అది కూడా కావాల. కానీ ఆ మాట పుట్టింది మాత్రం మేత దగ్గర."

జకరయ్య టీ గ్లాసు కింద పెట్టాడు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. "గొర్రెలోణ్ణి పాస్టరు అనేవాళ్ళా? నిజంగానా?"

"నిజంగానే."

"అయితే నేను ఇన్నాళ్ళ నుంచీ పాస్టర్నే! ఒక్క నా కొడుకన్నా నాకు దండం పెట్టినాడా?"

మళ్ళీ నవ్వులు. ఈసారి ఎలిశబెతమ్మ కూడా నవ్వింది. ఆ నవ్వు ముగియకముందే జకరయ్య చెయ్యెత్తాడు.

"సరే అమ్మే. మేపేవోడే పాస్టరంటివి. వచ్చే శనివారం నా జీవాల్ని నువ్వు మేపుకోని రా. పొద్దుగూకేలోపల దొడ్డికి తోలుకోని రా. ఆదివారం ముత్తుకూరు అయ్యగారి ముందర నా మాట చెప్తా."

వద్దని చెప్పడానికి ఎలిశబెతమ్మ మనవరాలి కాలు తొక్కబోయింది. అందేలోపలే అబిగయీలు "సరే తాతా" అనేసింది.

ఆ వారమంతా ఎలిశబెతమ్మకు కంటి మీద కునుకు లేదు. ఆమె వయసులో ఉన్నప్పుడు నాట్లు వేసింది, కలుపు తీసింది, ఉప్పు చేపలు ఎండబెట్టి ముత్తుకూరు సంతలో అమ్మింది. ఏ కాన్పుకు ఎవరికి ఏ పూట నొప్పులొచ్చాయో ఈ రోజుకీ చెప్పగలదు. కానీ గొర్రెలు మాత్రం ఎరగదు. అబిగయీలు అసలే ఎరగదు. అవ్వా మనవరాలు ఇద్దరూ వంటగదిలో కూర్చుని ఆలోచించారు. జకరయ్యనే అడిగి ఉంటే సరిపోయేది. పరీక్ష పెట్టిన వాణ్ణే జవాబు అడిగితే పరువేం మిగులుతుందని అడగలేదు. అప్పుడు ఎలిశబెతమ్మ చూపు గోడ మీదికి వెళ్ళింది.

"అదుగోమే, బొమ్మ చూడు. ప్రభువు ఎట్టా నడస్తా ఉండాడో. కర్ర పట్టుకోని ముందర. అవి ఎనకాల. నువ్వూ అట్టనే ముందు నడు. పాట ఎత్తుకో. నీ గొంతుకి రాళ్ళు కూడా లేచి వస్తాయి."

"అంతేనంటావా అవ్వా?"

"ఇంకేం కావాలమే? సాక్షాత్తు ఆయనే చూపిస్తా ఉంటే."

శనివారం తెల్లవారగానే జకరయ్య దొడ్డి తడిక తీశాడు. మంద బిలబిలమంటూ బయటపడింది. ఎక్కువ తెల్లవి, కొన్ని ఎర్రవి. అన్నిటి కంటే ముందు ఒక ముసలి గొర్రె, కళ్ళ చుట్టూ మూతి చుట్టూ కాటుక పెట్టినట్టు నలుపు. జకరయ్య దాన్ని నల్లమూతి అంటాడు.

"లారీల రోడ్డెక్కబాక. జయరామయ్య చేను పక్కకి అసలే పోబాక" అన్నాడు. అడగనిది ఇంకేమీ చెప్పలేదు. వెళ్ళి అరుగు మీద కూర్చుని మోకాళ్ళకు నూనె రాసుకున్నాడు.

జయరామయ్య సంగతి ఊరందరికీ తెలుసు. పెద్ద రైతు. ఒకప్పుడు కోతలవగానే జకరయ్య మంద ఆయన చేలోనే పడుకునేది. పగలు కోసిన వరి కొయ్యకాళ్ళ మధ్య మేత గొర్రెలకు, రాత్రి పడే పెంట చేనుకు. మంద కట్టడం అంటే అదే, ఇద్దరికీ బాగుండేది. తర్వాత ఏదో మాటా మాటా అనుకున్నారు. జకరయ్య ఆ వైపు తొక్కడం మానేశాడు. పోర్టు వచ్చి, గోదాములు వచ్చి, మిగిలిన బీళ్ళకు కంచెలు పడ్డాక మేత కోసం మందను లారీల రోడ్డు పక్కన నడిపించుకుపోతున్నాడు గానీ, జయరామయ్య గట్టు మాత్రం ఎక్కలేదు. గొర్రెల వెన్నెముకలు దువ్వెన పళ్ళలా తేలాయి.

అబిగయీలు చేతికర్ర తీసుకుని మంద ముందు నిలబడింది. పాట ఎత్తుకుంది. నల్లమూతి ఒకసారి తల ఎగరేసి ఆమె వెనకాలే కదిలింది. దాని వెనక మందంతా కదిలింది. దూరం నుంచి చూస్తున్న ఎలిశబెతమ్మకు కళ్ళు చెమ్మగిల్లాయి. అచ్చం బొమ్మే.

ఆమె ఊరికే చూస్తూ ఉండిపోయే మనిషి కాదు. అన్నం క్యారియరు కట్టుకుని, కనబడకుండా వెనక బయల్దేరింది. ఎదురుపడిన ప్రతివాళ్ళనూ ఏం కూర, ఏం సంగతి అని పలకరించుకుంటూ కనబడకుండా వెళ్ళడం ఆమెకే చెల్లింది. అందుకే బాగా వెనకబడింది.

కాలవ కట్ట మలుపు దగ్గర సంగతి చెడింది. అబిగయీలు పాడుకుంటూ తిన్నగా సాగిపోయింది. నల్లమూతి మలుపులో ఆగి, గాలి పీల్చింది. ఎండిన ఏప్రిల్ నెలలో ఎడమ పక్క నుంచి పచ్చి వాసన. అది ఎడగారుకు, అంటే వేసవిలో వేసే రెండో పంటకు, జయరామయ్య పోసిన నారుమడి, చిలక రెక్కలా ఉంది. నల్లమూతి గట్టు దిగింది. దాని వెనక అన్నీ దిగాయి. ఎలిశబెతమ్మ దూరం నుంచి చూసి "అమ్మే! ఎనక్కి చూడమే!" అని అరిచింది. అదే సమయానికి రోడ్డు మీద ఒక పోర్టు లారీ హారను కొట్టింది. అబిగయీలు రెండో చరణం కూడా ముగించుకుని, తృప్తిగా వెనక్కి తిరిగింది. వెనకాల ఖాళీ దారి ఉంది. ఆ దారి చివర క్యారియరు ఊపుతూ పరుగెత్తుకొస్తున్న అవ్వ ఉంది.

"ఎవురిదిరా మంద!" అని జయరామయ్య చేలో నుంచే కేకేశాడు. దగ్గరికొచ్చి నల్లమూతిని గుర్తుపట్టాడు. "జకరయ్యదా! ఇన్నేళ్ళకి నా చేలో కాలు పెట్టి, పెట్టి పెట్టి నారుమడిలోనా? బందెలదొడ్డికి తోలిస్తా. వచ్చి విడిపించుకోమను!"

"అయ్యా, పిల్ల తెలియక..." ఎలిశబెతమ్మ గసపోస్తూ మొదలుపెట్టింది.  ఈ మంద బందెలదొడ్డిలో పడితే రేపు జకరయ్య నోరు తెరవనక్కర్లేదు. చర్చికి తాళమే.

"నువ్వుండు ఎలిశబెతూ. ఎవురమ్మాయ్ నువ్వు?"

అబిగయీలు అప్పటికే మోకాలి లోతు బురదలో మంద ముందు నిలబడి, గొర్రెల్ని రమ్మని పిలుస్తోంది. "ఈమె మనవరాల్ని పెద్దయ్యా. తెలియకే చేసినా, కానీ చేసింది నేను. జకరయ్య తాత ఇంటికాడ ఉండాడు. ఇటు రాబాకని కూడా చెప్పినాడు. కోపం నా మీద పెట్టుకోండి."

"కోపం సంగతి తర్వాత. ముందు వాటిని బయటికి తోలు. ఆ ముందుకు పొయ్యి పిలవడమేంది? పెళ్ళికి పిలిచినట్టా, అవి చీర కట్టుకోని వచ్చేదానికి? ఎనకుండి తోలాల!"

ముగ్గురూ కలిసి తోలారు. జయరామయ్య పంచె ఎగ్గట్టాడు, ఎలిశబెతమ్మ క్యారియరు మూతతో టంగుటంగుమని కొట్టింది, అబిగయీలు రెండుసార్లు పడింది. చివరికి చేతులు బార్లా చాపి మంద వెనక నిలబడగానే గొర్రెలు బుద్ధిగా గట్టెక్కాయి. నారుమడిలో ఒక పక్క నలిగింది. మిగతాది నిలబడింది. జయరామయ్య దాన్నే చూస్తూ ఊపిరి తీసుకున్నాడు.

అబిగయీలు ముఖం మీది బురద తుడుచుకుంటూ అవతలికి చూసింది. కోసిన చేను కనుచూపు మేర కొయ్యకాళ్ళతో పరుచుకుని ఉంది. వాటి మధ్య గడ్డి మోకాలెత్తు లేచింది. మేపేవాళ్ళు లేరు.

"పెద్దయ్యా, ఇంత మేత ఇక్కడుంటే తాత లారీల కింద పడేటట్టు ఆ రోడ్డు పక్కన ఎందుకు తిరగతా ఉండాడు?"

"వాణ్ణే అడుగు."

"మిమ్మల్ని అడగతా ఉండా."

 జయరామయ్య గట్టు మీద కూలబడ్డాడు. "సర్కారు తుమ్మ కాయలు తింటాయి గదా గొర్రెలు. ఆ గింజలు పెంటలో పడి మొలస్తాయి. ఒక ఏడు చేనంతా తుమ్మ మొలకలే. నీ మందతో ఎరువెంతో ముళ్ళూ అంతే అన్నా, కాఫీ అంగడి కాడ. ఉన్నోళ్ళు పకపకా నవ్వినారు. వాడు గ్లాసు కింద పెట్టి లేచిపోయినాడు. ఎనక్కి పిలిస్తే వచ్చే మనిషా?"

"పిలిచినారా?"

"లేదు" అన్నాడాయన.

"మీ చేనుకి మంద కావాలని ఉందా?"

"ఎందుకుండదు? మూటల ఎరువు పోసి పోసి నేల సిమెంటు అయిపోయింది."

"అయితే మంద పడినాక తుమ్మ మొలకలొస్తే మేం పీకుతాం. మా సంఘం ఆడోళ్ళందరం వస్తాం. మా అవ్వ ముందుంటది."

"నేనా?" అంది ఎలిశబెతమ్మ.

"నీ నడుము గట్టిదే గదా అవ్వా."

జయరామయ్యకు నవ్వొచ్చింది. "నువ్వు పాస్టరమ్మ అయ్యేదానికి వచ్చినావంట గదా? పాస్టర్లంటే మైకులో మాట చెప్పేవాళ్ళనుకుంటిని. తుమ్మ మొలకలు పీకతారా?"

"మేపేవాళ్ళు పెద్దయ్యా. మేత ఉండే చోటు వెతుక్కోవాల గదా."

ఆయన లేచి, పంచె దులుపుకున్నాడు. "ఈ పొద్దుకి మేపుకో. నష్టం సంగతి సాయంత్రం జకరయ్యతోనే తేల్చుకుంటా." కోపంగానే అన్నాడు. కానీ వెళుతూ వెళుతూ బోరు మోటారు వేసి, తొట్టి నిండా గొర్రెలకు నీళ్ళు వదిలాడు.

ఎలిశబెతమ్మకు ఆ పగలంతా అన్నం సహించలేదు. మనవరాలు మాత్రం మంద వెనకాల ఎండలో తిరుగుతూనే ఉంది, ఈసారి పాట లేకుండా. కుంటుతున్న పిల్ల ఒకటి వెనకబడితే ఆగింది, దాన్ని ఎత్తుకుంది. వెనక నడిచేవాళ్ళకే వెనకబడ్డవి కనబడతాయని ఎలిశబెతమ్మ ఆ రోజే గమనించింది.

పొద్దు వాలేసరికి మంద దొడ్డి చేరింది. జకరయ్య తడిక దగ్గర నిలబడి, ఒక్కొక్క తలనూ తడుతూ లోపలికి వదిలాడు. అన్నీ వచ్చాయి. ఎలిశబెతమ్మ గుండె కుదుటపడబోయింది. అంతలో ఆయన వంగి నల్లమూతి కాళ్ళు చూశాడు.

"ఈ బురద యాడిదమ్మే? ఈ నెల్లో బురద నారుమళ్ళలో తప్ప ఇంకేడా ఉండదే!"

"జయరామయ్య గారి నారుమడిదే తాతా. నేను ముందు నడిచినా. అవి వస్తా ఉండాయనుకున్నా. ఎనక్కి చూసుకోలేదు. ఒక పక్క తొక్కేసినాయి."

"ముందు నడిచినావా? గొర్రెలకి ముందు నడవమని నీకెవురు చెప్పినారు?"

అబిగయీలు అవ్వ వైపు చూసింది. ఎలిశబెతమ్మ తలవంచుకుని "మా క్యాలెండరు బొమ్మలో అట్టనే ఉండాది జకరయ్యన్నా" అంది.

జకరయ్య ముందు నోరు తెరిచాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. తడిక పట్టుకుని, మోకాళ్ళు పట్టుకుని, దగ్గొచ్చేదాకా నవ్వాడు. "ఆ దేశం గొర్రెలు వేరేమో ఎలిశబెతమ్మా! మనవి నీ మాదిరే, దోవలో వాసనొస్తే ఆగిపోతాయి."

ఆ నవ్వు మధ్యలో మోపెడు బండి చప్పుడైంది. జయరామయ్య దిగాడు. నవ్వు ఆగిపోయింది. ఇద్దరు ముసలివాళ్ళు తడికకు అటొకరు ఇటొకరు నిలబడ్డారు. ఎలిశబెతమ్మ ప్రభువును తలుచుకుంది.

"నారు తొక్కినాయంట" అన్నాడు జకరయ్య, నేల చూస్తూ. "నష్టం నాది."

"నష్టానికి రాలేదు. నా చేలో మంద ఎప్పుడు కడతావో అడిగేదానికొచ్చినా."

"నా మంద పడితే ముళ్ళు మొలస్తాయి గదా?"

"మొలిస్తే పీకేదానికి మీ పాస్టరమ్మ ఒప్పుకుంది."

"ఇంకా కాలేదు పాస్టరమ్మ" అన్నాడు జకరయ్య. కానీ చేయి ఊరికే లేదు. నల్లమూతి డొక్క తడిమి చూస్తోంది. పక్కనున్న ఎర్రదాని డొక్క, దాని పక్కదానిది. పొద్దున గుంటలు పడి ఉన్న చోట ఇప్పుడు చర్మం బిగుతుగా ఉబికి ఉంది. వేలితో కొడితే డప్పులా పలికింది. ఆయన అట్లాగే చాలాసేపు తడుముతూ ఉండిపోయాడు.

"అమ్మే, ఆ భాష పేరేందన్నావు?"

"లాటిను, తాతా."

"కాపలాలో నువ్వు ఫెయిలు. అందులో అనుమానం లేదు." మళ్ళీ ఒక డొక్క మీద చరిచాడు. "నెల్లాళ్ళైంది ఇవి ఇట్టా నిండి." తర్వాత జయరామయ్య వైపు తిరిగాడు. "సోమారం కడతా. కాఫీ తాగతావా?"

ఆదివారం చర్చి నిండిపోయింది. ముత్తుకూరు పాస్టరుగారు పెద్దల అభిప్రాయం అడిగారు. జకరయ్య లేచి, దగ్గకుండా, తల ఊపాడు. మిగతా పెద్దలు ఊపారు. ఒకాయన మాత్రం, ఆడపిల్లను ముందు పెట్టుకుని మగవాళ్ళం వెనక నడవాలా అని గొణిగాడు.

"ఎనకాల నడిచేది చిన్న పని అనుకున్నావా?" అన్నాడు జకరయ్య. "నేను బతికిందంతా ఎనకాలే."

వేదిక దాకా రమ్మన్నా అబిగయీలు తలుపు దగ్గరే ఆగిపోయి ఉంది. నిన్నటి నుంచి ముందు నడవాలంటే ఆమెకు జంకుగా ఉంది. జకరయ్య కర్ర ఊనుకుంటూ ఆమె దాకా వచ్చాడు.

"నడువమే. ఇక్కడ ముందే నడవాల. ఎనకబడినోళ్ళని నేను చూసుకుంటాలే."

ఆమె నడిచింది. ఆయన ఆమె వెనకాల కుంటుకుంటూ నడిచాడు. ఎవరో గంట కొట్టారు, అది ఎలిశబెతమ్మకు చాలా రోజుల తర్వాత సొంతూరి గంటలా వినబడింది. చాప మీద కూర్చుని ఆమె తన క్యాలెండరు బొమ్మను తలుచుకుంది. ఆ బొమ్మలో చివరి గొర్రె దగ్గర కాగితం అయిపోయింది గానీ, దాని వెనకాల కూడా ఎవరో ఒకరు నడుస్తూనే ఉండి ఉంటారు. అచ్చేసినవాడు కోసేసి ఉంటాడు, చోటు చాలక.

పక్కన కూర్చున్నామె మోచేత్తో పొడిచింది. "రేపు తుమ్మ మొలకలు పీకేదానికి పోవాలంటనే?"

"రేపు మంద కడతారు, అంతే. మొలిచేదానికి ఇంకా వానలు పడాల" అంది ఎలిశబెతమ్మ. "నడుము సిద్ధం చేసుకో."